నూట రెండు జ్వరం, నలభై అయిదు ఎండ

మన ఇళ్లలో ఎండ సెల్సియస్‌లో ఉంటుంది, జ్వరం ఫారన్‌హీట్‌లో. రెంటచింతలలో 45 అన్నా, పిల్లాడికి 102 అన్నా ఏ డిగ్రీలని ఎవరూ అడగరు. కొత్త డిజిటల్ థర్మామీటర్ 38.9 చూపించినప్పుడే చిక్కు. ‘ముప్పై ఎనిమిదేగా’ అని పక్కన పెట్టేస్తే పొరపాటే; నూట రెండు జ్వరమంటే అదే.

నోటిలెక్కకు చాలామంది రెట్టింపు చేసి 30 కలుపుతారు. చల్లటి రోజుకు ఫర్వాలేదు: 20కి 70 వస్తుంది, అసలు 68. జ్వరానికి మాత్రం ఆ లెక్క వాడొద్దు. 38కి 106 వచ్చి ఇల్లంతా హడలిపోతుంది, అసలుది 100.4. రెట్టింపు చేశాక అందులో పదో వంతు తీసేసి 32 కలపండి. 39కి 78, అందులోంచి 7.8 పోతే 70.2, 32 కలిపితే 102.2. ఇది ఉజ్జాయింపు కాదు, అసలు సూత్రమే: 1.8తో హెచ్చించడమంటే రెట్టింపులో పదో వంతు తగ్గించడమే.

వెనక్కి రావాలంటే 32 తీసి, సగం చేసి, ఆ సగానికి దాని తొమ్మిదో వంతు కలపాలి. 104కి 72, 36, దానికి 4 కలిపితే 40.

సాధారణ ఉష్ణోగ్రతగా చెప్పే 98.6లో ఆ ‘పాయింట్ ఆరు’ను పట్టుకుని కంగారుపడక్కర్లేదు. సెల్సియస్‌లో పూర్ణాంకంగా ఉన్న 37ను మారిస్తే వచ్చిన అంకె అది.

తేడాలకు 32 కలపకూడదు. ఏసీ 24 నుంచి 26కి పెంచితే పెరిగింది 3.6 ఫారన్‌హీట్ డిగ్రీలు. రెండును సూత్రంలో వేస్తే 35.6 అనే అర్థంలేని జవాబొస్తుంది. ఒక సెల్సియస్ డిగ్రీ అంటే 1.8 ఫారన్‌హీట్ డిగ్రీలు కాబట్టి, డాక్టరుతో ‘ఒక డిగ్రీ తగ్గింది’ అనకుండా రెండు రీడింగులూ యూనిట్‌తో సహా చెప్పడం మేలు. అన్నట్టు, రిమోట్‌లో ఉన్నట్టుండి 75 కనిపిస్తే ఏసీ చెడిపోలేదు, అది మన 24 డిగ్రీలే. చాలా మోడళ్లలో ప్లస్, మైనస్ బటన్లు కలిపి నొక్కితే మళ్లీ సెల్సియస్‌కు వస్తుంది.

అమెరికాలో వంట చేసేవాళ్లకు చిక్కు ఓవెన్ దగ్గర. తెలుగు వీడియోలో కేక్‌కు 180 అంటే అక్కడ 350 పెట్టాలి. 180 అనే నొక్కితే వచ్చేది 82 సెల్సియస్. గంటైనా పిండి పిండిగానే ఉంటుంది. 200కి 400, 220కి 425 సరిపోతాయి, ఏడెనిమిది ఫారన్‌హీట్ డిగ్రీల తేడా ఓవెన్‌లో లెక్కలోకి రాదు. పెరుగు తోడుకు మాత్రం కాస్త చూసుకోవాలి: పాలు 104 నుంచి 113 ఫారన్‌హీట్ మధ్య, అంటే 40–45 సెల్సియస్‌లో ఉన్నప్పుడు తోడు వేయాలి.