గీత వచ్చింది!

ఎట్టకేలకు వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్‌లో సైజువారీగా విడదీసి, కావాల్సినదాన్ని యాంటీబాడీతో పట్టే పరీక్ష) యూజీసీజీ అనే ప్రోటీన్‌ని పట్టే యాంటీబాడీతో బ్యాండ్, అంటే గీత, పడింది, అదీ శ్రీకాకుళం ఎండల్లో! సెరమైడ్ అనే కొవ్వుకి గ్లూకోజ్ తగిలించి చాలా గ్లైకోలిపిడ్‌లకు (చక్కెర అతికిన కొవ్వులకు) నాంది పలికే ఎంజైమే యూజీసీజీ. గౌచర్ వ్యాధి మందు ఎలిగ్లుస్టాట్ అడ్డుకునేది దీన్నే. కణంలో గాల్జీ అనే భాగం పొరలో కూరుకుపోయి ఉంటుంది, తిరకాసంతా అక్కడే. అలాంటి ప్రోటీన్లను 95 డిగ్రీల్లో మరిగిస్తే ముద్దకట్టి జెల్ పైభాగంలోనే ఆగిపోవచ్చు. వేడి తగ్గించాక, 45 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) గుర్తుకి కాస్త కింద సన్నటి నల్ల గీత. అయినా వెంటనే నమ్మలేదు. ఆ జన్యువు తీసేసిన కణాల శాంపిల్‌లో గీత మాయమైతేనే లెక్క. మాయమైంది!

అమ్మకి ఫోటో పంపితే, "ఈ గీత కోసమేటి ఇంత టెన్షన్?" అంది.

ఇక ఇమ్యునోఫ్లోరసెన్స్ (ప్రోటీన్ కణంలో ఎక్కడుందో యాంటీబాడీతో మెరిపించి చూడటం) మొదలుపెట్టాలి. వెస్టర్న్‌లో పనిచేసిన యాంటీబాడీ అక్కడా పనిచేస్తుందన్న గ్యారంటీ ఏమీ లేదు.