రెండో గాజు

కార్తీకం వస్తే చాలు, మన పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో బస్సులు మాట్లాడుకుని క్షేత్రాలు తిరగడం ఈ మధ్య మరీ ఎక్కువైంది. తెల్లవారుజామున అలంపురంలో జోగులాంబ దర్శనం, చీకటి పడేలోపు శ్రీశైలం, నడుమ దారిలో తగిలిన గుళ్లన్నీ. బస్సులో అంత్యాక్షరి, వరుసలో నిలబడి ఆస్తి తగాదాలు. స్వామి ముందుకు రాగానే కళ్లు మూసుకోవలసిన వాళ్లు ఫోను పైకెత్తుతారు. పుణ్యం రాదని అనడానికి నేనెవరిని? కానీ వెళ్లినంత బరువుతోనే తిరిగి వస్తున్నారే అని మనసు కష్టపెట్టుకుంటాను.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదు మహారాజుకు చెప్పిన 24 మంది గురువుల్లో నాకు అందరికన్నా దగ్గరైనది ఆ కన్నెపిల్ల.

వాసే బహూనాం కలహో భవేద్వార్తా ద్వయోరపి
ఏక ఏవ చరేత్తస్మాత్ కుమార్యా ఇవ కంకణః

పదిమంది ఉంటే కలహం, ఇద్దరున్నా ముచ్చట్లు. కాబట్టి కన్య చేతి గాజులా ఒంటరిగా సంచరించమని దీని భావం. ప్రవచనాల్లో సాధారణంగా ఇక్కడితో ముగించి తరువాతి గురువు దగ్గరికి వెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ పిల్లను వదిలి వెళ్లబుద్ధి కాదు.

ఆమె పరిస్థితి చూడండి. ఇంట్లో పెద్దలు లేరు. పిల్లను అడగడానికి వచ్చినవాళ్లు వాకిట్లో కూర్చున్నారు. వాళ్లకు అన్నం పెట్టాలంటే అప్పటికప్పుడు వడ్లు దంచాలి. రోకలి ఎత్తి వేసినప్పుడల్లా చేతినిండా ఉన్న శంఖపు గాజులు గలగలమని ఇంటి లేమిని చాటుతున్నాయి. సిగ్గుపడి ఒక్కొక్కటే పగలగొట్టుకుంది. చేతికి రెండేసి మిగిలాయి. అవీ మోగాయి. ఒక్కొక్కటి ఉంచుకున్నాక సద్దుమణిగింది.

ఆమె దంచడం ఆపలేదు. అతిథుల మీద విసుక్కోలేదు. చేతులు బోసిగా చేసుకోనూ లేదు. ముత్తైదువ కావలసిన పిల్ల గనుక ఒక గాజు ఉంచుకుంది. సర్వం విడిచి తిరిగే అవధూత ఏకాంతం ఎలా ఉంటుందో ఒక వంటింటి పిల్లను చూసి నేర్చుకున్నాడు. 'సంసారంలో ఉన్నవాళ్లకు ఏకాంతం ఎక్కడిదమ్మా' అని నిట్టూర్చే ఆడవాళ్లకు ఈ కథ చెప్పాలని నాకు ఎంతో ఆశ. రోకలి చేతిలో ఉండగానే అది ఆమెకు దొరికింది.

ఇక సంచారం మాట. అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరానికి నేను ఒక్కదాన్నే వెళుతుంటాను. శ్రీశైలానికి ఉత్తర ద్వారమైన ఈ క్షేత్రం సంక్రాంతి ఉత్సవాలప్పుడు కిటకిటలాడుతుంది. మామూలు రోజున కోతులూ, నల్లమల గాలీ తప్ప పెద్దగా సందడి ఉండదు. పూలమ్మే పెద్దావిడ 'ఒక్కదానివే వచ్చావా తల్లీ, ఇంట్లోవాళ్లు ఏరీ?' అని జాలిగా అడుగుతుంది. నవ్వి ముందుకు నడుస్తాను.

అక్కడి పాపనాశనం దగ్గర రాతిలోంచి నీరు ఊరుతుంది. ఎండాకాలం అయితే బొట్టు బొట్టుగానే. ఒకసారి చెంబు పట్టుకుని కూర్చున్నాను. పక్కన మనిషి లేదు, ఫోను సంచి అడుగున ఉంది. అయినా నాలో మాటలు నడుస్తూనే ఉన్నాయి. 'ఈ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో చూడవే, నువ్వూ వస్తే బాగుండేది' అని మా చెల్లెలికి వర్ణించి చెబుతున్నాను. చెల్లెలు వనపర్తిలో తన ఇంట్లో ఉంది! అప్పుడు తెలిసింది, శ్లోకంలో 'ద్వయోరపి', ఇద్దరున్నా, అన్నది ఎవరి గురించో. ఎవరినీ వెంట తెచ్చుకోకపోయినా, చెప్పుకోవడానికి ఒక మనిషిని మనసే తెచ్చుకుంటుంది. అదే రెండో గాజు. బొట్టు పడినప్పుడల్లా ఒక 'నమశ్శివాయ' అనుకుంటూ కూర్చున్నాను. చెంబు సగమయ్యేసరికి చెల్లెలితో మాటలు ఎప్పుడు ఆగిపోయాయో తెలియదు. శివయ్యకు ఆ నీళ్లు పోస్తుంటే కళ్లు నిండాయి.

భాగవతంలో ఆ కన్య తరువాత వచ్చే గురువు బాణాలు చేసేవాడు. పక్కనుంచి రాజు మేళతాళాలతో వెళ్లినా గమనించనంతగా పనిలో లీనమైనవాడు. ఈ వరుసలో ఒక క్రమం ఉందని నా నమ్మకం. ముందు సవ్వడి తగ్గాలి, ఆ తరువాతే గురి కుదురుతుంది. మనం గాజులన్నీ మోగిస్తూ ధ్యానం కుదరలేదని బాధపడుతున్నాం.

ఒక్క హెచ్చరిక. ఇంట్లో అలిగి బయలుదేరితే అది ఏకాంతం కాదు. గీతలో 'అరతిర్జనసంసది', జనం గుంపు మీద ఆసక్తి లేకపోవడం, అని పదమూడో అధ్యాయంలో చెప్పిన స్వామే అంతకు ముందు పన్నెండులో 'అద్వేష్టా సర్వభూతానాం', ఏ ప్రాణినీ ద్వేషించనివాడు, అన్నాడు. మనుషుల మీద ద్వేషం వెంట ఉంటే ఎన్ని కొండలెక్కినా కలహం మోగుతూనే ఉంటుంది. అందరికీ వండిపెట్టి, చెప్పి, సంతోషంగా బయలుదేరండి.

వెళ్లండమ్మా, వెళ్లండి. దూరం అక్కరలేదు. నల్లగొండ వాళ్లకు పానగల్లు ఛాయా సోమేశ్వరుడున్నాడు. లింగం వెనుక పొద్దంతా నిలిచే ఆ స్తంభపు నీడ ముందు, అది ఎలా పడుతోందని వాదించుకోకుండా అరగంట కూర్చోండి. మిర్యాలగూడ వైపు వాళ్లకు మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి ఉంది. పండుగ రోజు వద్దు, పనిదినం చూసుకోండి. ఎక్కడికి వెళుతున్నారో ఇంట్లో చెప్పండి, వెలుతురుండగానే తిరుగు బస్సు ఎక్కండి. ఒంటరిగా అడవి లోపలికి మాత్రం వెళ్లకండి. ఫోటోలు తీయకండి. ఇంటికి వచ్చాక 'ఏం చూశావు?' అని అడుగుతారు. ప్రసాదం చేతిలో పెట్టండి, మాటలు మర్నాడు చెప్పుకోవచ్చు.