ఎర్రమట్టి దారిలో చైన్, స్ప్రాకెట్

రాజమహేంద్రవరంలో తెల్లవారకముందే బయలుదేరి రంపచోడవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట, కొయ్యూరు, చింతపల్లి, లంబసింగి, పాడేరు మీదుగా అరకు చేరాలని మా ప్లాన్. ఇది 516ఈ జాతీయ రహదారి. మేం వెళ్ళిన చలికాలంలో విస్తరణ పనులు ఇంకా నడుస్తున్నాయి. కొంత దూరం అద్దంలాంటి తారు, ఆ వెంటనే కంకర, ఆపైన టిప్పర్లు తొక్కి పిండి చేసిన ఎర్రమట్టి.

నేనూ మా బావా చెరో బండి మీద వెళ్ళాం. రెండూ ఒకే మోడల్, 390 సీసీ. ముందు స్ప్రాకెట్‌కి, అంటే చైన్ కూర్చునే పళ్ళచక్రానికి, 15 పళ్ళు, వెనక దానికి 45, మధ్యలో 520 సైజు చైన్. ఇద్దరం ఇంచుమించు ఒకేసారి చైన్ సెట్లు మార్పించుకున్నాం. బావ మాత్రం వెనక స్ప్రాకెట్ అల్యూమినియంది వేయించుకున్నాడు. బరువు తగ్గుతుంది, రంగు బాగుంది అన్నాడు. నాది మామూలు ఉక్కుది. ఒకే దారిలో, ఒకే దుమ్ములో రెండు రకాల లోహాలు ఎలా తట్టుకుంటాయో పక్కపక్కన పెట్టి చూసే అవకాశం అలా దొరికింది.

రంపచోడవరం దాటాక జీడితోటలు, జీలుగు చెట్లు, దూరంగా నీలం కొండలు. చూడటానికి ఎంత హాయిగా ఉంటుందో చైన్‌కి అంత కష్టకాలం. మన్నులో కలిసి ఉండే సన్న ఇసుక రేణువుల్లో క్వార్ట్జ్ ఉంటుంది. గట్టిపరిచిన ఉక్కు కన్నా అది గట్టిది. జిగురుగా ఉండే చైన్ లూబ్ మీద అది అంటుకుంటే పళ్ళని, రోలర్లని నూరే ముద్దలా తయారవుతుంది. అందుకే రాజవొమ్మంగిలో టీకి ఆగినప్పుడు నేను పాతగుడ్డతో చైన్ తుడిచి, పలచగా గేర్ ఆయిల్ రాశాను. దుమ్ము దారిలో ఎక్కువ నూనె పోయడం కన్నా తరచుగా తుడవడం మేలు.

ఈ దారిలో ఊళ్ళ పేర్లు వింటేనే ఒళ్ళు పులకరిస్తుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం వరసగా దాడి చేసి తుపాకులు పట్టుకెళ్ళింది. మేం ఆ వరసకి ఎదురుగా పోతున్నాం. వానాకాలంలో, ఈ అడవిలో, రోజుకో స్టేషన్ చొప్పున వాళ్ళు ఎలా నడిచారో ఈ కొండలు చూస్తే గాని అర్థం కాదు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి దగ్గర కాసేపు కూర్చున్నాం.

కొయ్యూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే బావ బండి దగ్గర్నుంచి టక్ టక్ మని చప్పుడు మొదలైంది. మలుపులో యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా బండి ఒక్క కుదుపు కుదిపి ముందుకు పోతోంది. పక్కకి ఆపించి, వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ని వేళ్ళతో వెనక్కి లాగి చూశాను. సగం పన్ను బయటికి కనిపించింది. పళ్ళన్నీ ఒక వైపుకి కొక్కేల్లా వంగినట్టు అరిగిపోయాయి. నా బండి చైన్ లాగితే కదల్లేదు.

"చైన్ టైట్ చేస్తే సరిపోదా?" అన్నాడు బావ. సరిపోదు. అరిగిన పన్ను మీద చైన్‌ని బిగిస్తే మిగిలిన పన్ను ఇంకా త్వరగా పోతుంది, గేర్‌బాక్స్ బేరింగ్ మీదా భారం పడుతుంది. యాక్సిలరేటర్ సున్నితంగా తిప్పుకుంటూ, ఎక్కడా గట్టిగా లాగకుండా చింతపల్లి, లంబసింగి మీదుగా పాడేరు చేరాం. లంబసింగి పొగమంచు గురించి ఏమీ రాయలేను. నా చెవులన్నీ ఆ చప్పుడు మీదే ఉన్నాయి.

పాడేరులో ఒక పెద్దాయన మెకానిక్ షెడ్డు దొరికింది. ఆయన వంగి చూసి, "చైన్ సాగిపోనాదంటారు అందరూ. ఉక్కు ఎక్కడ సాగుద్ది బాబూ? లోపల అరిగిపోద్ది," అన్నారు. నూటికి నూరుపాళ్ళు నిజం. ప్రతి లింకులో పిన్ను, దాని చుట్టూ గొట్టంలాంటి బుష్ ఉంటాయి. ఆ రెండూ ఒరుసుకుని అరుగుతాయి. 520 చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం 15.875 మి.మీ. ఒక్కో లింకు దగ్గర 0.16 మి.మీ. అరిగితే చాలు, చైన్ మొత్తం 1 శాతం పొడవైనట్టే. అప్పుడది పళ్ళ అడుగున కూర్చోకుండా పైపైకి ఎక్కుతుంది, పళ్ళు కొక్కేలవుతాయి.

స్టీల్ టేపుతో కొలిచాం. 21 పిన్నులు లెక్కపెడితే 20 లింకులు. కొత్త చైన్‌కి అది 317.5 మి.మీ. ఉండాలి, 323 దగ్గరికి వస్తే మార్చెయ్యాలి. నాది 319 చూపించింది, బావది 322. బావ చైన్‌ని పెట్రోల్‌తో, వైర్ బ్రష్‌తో కడిగేవాడు. లింకు పలకల మధ్య సన్నటి రబ్బరు రింగులుంటాయి. ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు అవి ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజుని లోపల, దుమ్ముని బయట ఉంచుతాయి. పెట్రోల్ తగిలితే ఆ రబ్బరు పాడవుతుంది, ఇనుప బ్రష్ దాన్ని కోసేస్తుంది. గ్రీజు పోయాక పైన ఎంత నూనె పోసినా పిన్ను దాకా సరిగ్గా చేరదు. కిరోసిన్, మెత్తటి బ్రష్ చాలు.

తర్వాత ఆయన చేసిన పని నాకు ఎంతో నచ్చింది. ఆకురాయి తీసుకుని నా ఉక్కు స్ప్రాకెట్ పన్ను మీద ఒక్క గీత గీశారు. ఆకురాయి జారిపోయింది. మూలనున్న చవక స్ప్రాకెట్ తెచ్చి గీశారు. అదీ ఉక్కే, కానీ ఆకురాయి పట్టి రజను రాలింది. మంచి వెనక స్ప్రాకెట్‌ని 0.45 శాతం కార్బన్ ఉండే సి45 లాంటి ఉక్కుతో చేసి, పళ్ళని ఇండక్షన్ పద్ధతిలో వేడిచేసి చల్లార్చి గట్టిపరుస్తారు. ముందుదాన్ని మిశ్రమ ఉక్కుతో చేసి, పైపొరలోకి కార్బన్ ఎక్కిస్తారు. వెనకది ఒక్క చుట్టు తిరిగేలోపు ముందుది మూడు చుట్లు తిరుగుతుంది కాబట్టి దాని ఒక్కో పన్ను మీద మూడింతల పని.

బావ వేసుకున్నది 7075 రకం అల్యూమినియం. బలమైన లోహమే. ఉక్కు సాంద్రత 7.85 అయితే దీనిది 2.8, బరువు బాగా తగ్గుతుంది. రేసులో గెలవడానికి అది కావాలి. పైన వేసే అనోడైజ్ పొర గట్టిదే గానీ చాలా పలచన. ఇలాంటి దుమ్ములో అది పోయాక లోపలి మెత్తటి లోహం నిలబడదు. మన దారుల్లో దూరాలు తిరిగేవాళ్ళకి అల్యూమినియం వెనక స్ప్రాకెట్ వద్దని ఎవరికైనా గట్టిగా చెబుతాను.

520 సెట్ పాడేరులో దొరకలేదు. "చక్రం ఇప్పి స్పాకెట్ తిరగేసి బిగిస్తాను, విశాఖ దాకా పోతారు," అన్నారాయన. రెండు వైపులా సమతలంగా ఉన్న స్ప్రాకెట్‌ని తిప్పితే పళ్ళ అరగని వైపు లాగుడు భారం మోస్తుంది. ఆ గంటన్నర పనికి ఆయన అడిగిన కూలి చాలా తక్కువ, మేం ఎక్కువ ఇచ్చాం.

అరకులో వలిసె పూలు పొలాలంతా పసుపు పరిచినట్టు ఉన్నాయి. సంతకి కాఫీ, మిరియాల బస్తాలు వేసుకొచ్చిన చిన్న బళ్ళన్నీ చూశాను. వాటిది 428 సైజు చైన్, చాలావాటికి రబ్బరు రింగులు కూడా ఉండవు, అయినా చైన్ మొత్తాన్ని మూసే రేకు కవర్ ఉంది. దుమ్ముకి అంతకన్నా మంచి మందు లేదు. పెద్ద బళ్ళకి ఆ కవర్ ఎందుకు ఇవ్వరో అని ఎప్పుడూ బాధపడతాను.

అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు బావకి ఒక్క జాగ్రత్త చెప్పాను. యాక్సిలరేటర్ వదిలి ఇంజన్‌తోనే వేగం తగ్గించేటప్పుడు (ఇంజన్ బ్రేకింగ్) భారం పళ్ళ రెండో వైపు పడుతుంది, తిప్పి బిగించాక అరిగిన వైపు అదే. గేర్లు గబగబా దించకుండా, ముందునుంచే నెమ్మదిగా, తక్కువ గేర్లో నిలకడగా దిగాం. శృంగవరపుకోట దాటి విశాఖ చేరేసరికి పొద్దువాలింది.

అక్కడ సెట్ మొత్తం కొన్నాం: ఎక్స్ ఆకారపు రబ్బరు రింగులుండే ఎక్స్ రింగ్ చైన్, అతుకు లేని సాలిడ్ బుష్‌లు, ముందూ వెనకా ఉక్కు స్ప్రాకెట్లు. పాత చైన్‌తో కొత్త స్ప్రాకెట్ వేస్తే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది కాబట్టి మూడూ కలిపే. ఘాట్లలో లాగుడు పెరిగేలా ముందు స్ప్రాకెట్ 13 పళ్ళది వేద్దామా అని బావ అడిగాడు. 15 పళ్ళ మీద ప్రతి లింకు 24 డిగ్రీలు వంగితే, 13 మీద దాదాపు 28 డిగ్రీలు వంగుతుంది, పిన్నుల అరుగుదల పెరుగుతుంది అని లెక్క వేసి చూపించాను. 15 పళ్ళదే తీసుకున్నాడు.