తొట్టి మిద్దెలో రౌటర్లు

చంద్రగిరి పక్క మా తాతల నాటి తొట్టి మిద్దె (నడిమధ్య పైకప్పు లేని తొట్టి వదిలి, చుట్టూ గదులు కట్టిన ఇల్లు) బాగుచేసే పని ఒక కొలిక్కొచ్చింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడకముందే కట్టిన ఇల్లు. పైన మద్రాసు మిద్దె: కొయ్య దంతెల మీద ఇటుకలు అంచు మీద నిలబెట్టి పేర్చి, పైన సున్నం, ఇటుక ముక్కలు దిమ్మిస కొట్టారు. సిమెంటు పూసేద్దామన్నాడు మేస్త్రీ. ససేమిరా అన్నాం. సున్నం గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోక పెచ్చులూడతాయి. సున్నం పని తెలిసినోళ్ళు దొరికేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

వడ్ల గది బాత్రూము అయింది. తొట్టి మీద ఇనుప కమ్మీలు (కోతుల పుణ్యం), వాన మాత్రం లోపలే పడుద్ది. అంత లావు గోడల్లో వైఫై పోదు, గదికో రౌటరు పెట్టాల్సిందే.

"వద్దులేరా, గదుల్లో వైఫై రాకపోతే పిల్లోళ్ళే తిన్నె మీదికొచ్చి కూర్చుంటారు" అంటాది అవ్వ. వైరింగు బిల్లు ఇంకా రాలేదు, వచ్చినాక ఆమె మాటే విందామేమో!