కత్తిరించిన అట్ట

"ఇది ఏ మందో మీకెలా తెలుస్తుంది?"

చిత్తూరు నుంచి కూతురి దగ్గరికి వచ్చి, ఇంగ్లండులో ఆస్పత్రి పాలైన ఒక పెద్దామె మందుల సంచి విప్పి మా సీనియర్ ఫార్మసిస్టు వేసిన ప్రశ్న అది. సంచిలో అన్నీ ముక్కలే. నాలుగు మాత్రలున్న ముక్క, మూడున్న ముక్క, ఒంటి మాత్ర. రేకు మీద పేరు సగమే ఉంది, తేదీ అసలు లేదు. "మీ దేశంలో ఇలాగే అమ్ముతారా?" అని కూడా అడిగారు. మొదటి ప్రశ్న న్యాయమైనది. రెండోదానిలోని విసుగు మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. దానికి జవాబు అక్కడ చెప్పే వీలు లేకపోయింది కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

తిరుపతి రుయా ఆస్పత్రి ముందరి మందులంగట్లో నిలబడి చూడండి. డాక్టరు మూడు రోజులకు, పూటకొకటి చొప్పున రెండు పూటలకు రాస్తే కావలసింది ఆరు మాత్రలు. అట్టలో పది ఉంటాయి. కూలి డబ్బులతో వచ్చిన మనిషి మిగతా నాలుగింటికి ఎందుకు కట్టాలి? "ఆరే ఇవ్వన్నా" అంటాడు, అంగడాయన కత్తెర తీస్తాడు. ఏ ఇంట్లో ఎవరికి ఏ మందు పడదో కూడా ఆయనకు గుర్తే. ఇంగ్లండులో కంప్యూటరూ లేబుల్ ప్రింటరూ చేసే పని అక్కడ ఒక మనిషి జ్ఞాపకం చేస్తోంది. దాన్ని నిర్లక్ష్యమంటే ఒప్పుకోలేను.

కానీ ఆ జ్ఞాపకం అంగడి గడప దాటి రాదు. చిక్కంతా అక్కడే.

అట్ట మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ చాలావరకు ఒక కొసనే అచ్చేస్తారు. జాగ్రత్త గల అంగడాయన తేదీ ఉన్న కొసను తన దగ్గర ఉంచుకుని రెండో వైపు నుంచి కత్తిరిస్తాడు. మిగిలిన సరుకుకు తేదీ ఉంటుంది, మీ చేతికొచ్చిన ముక్కకు ఉండదు. 2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో 300 బ్రాండ్లకు మందు వివరాలు చెప్పే క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. అది అట్ట మీద ఉంటే కత్తెరకు అదీ తెగుతుంది, పెట్టె మీద ఉంటే అంగట్లోనే ఉండిపోతుంది. ఇంకొకటి: మాత్ర చుట్టూ రేకు అతికి ఉండే అంచు కొన్ని మిల్లీమీటర్లే. కత్తెర ఆ అంచులోకి పోతే తేమ లోపలికి చేరుతుంది. ఆస్పిరిన్ మాత్రకు వెనిగర్ వాసన వస్తోందంటే తేమకు విరిగిపోతోందని అర్థం. దాన్ని పారేయాలి.

చిత్తూరు పెద్దవాళ్ల సంచిలో ఒక్క డాక్టరు మందులే ఉండవు. కీళ్లకు వేలూరు సీఎంసీ, గుండెకు తిరుపతి స్విమ్స్, జ్వరానికి వీధి చివరి క్లినిక్. మూడు చీటీలు, మూడు బ్రాండ్లు. లోపల ఒకే మందు రెండుసార్లు ఉండొచ్చు. ముక్కలైన అట్టలతో అది పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

అన్నిటికంటే భయపెట్టేది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. సాధారణంగా 7.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ ఇంకో రోజున. బీపీ మాత్రలా దీన్ని రోజూ వేసుకుంటే ఎముకల మూలుగలో రక్తకణాల తయారీ పడిపోతుంది. నోట్లో పుండ్లు, గొంతునొప్పి, జ్వరం, కమిలిన మచ్చలు కనిపిస్తాయి. ప్రాణమే పోవచ్చు. మెథోట్రెక్సేట్ 2.5, ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్రలు రెండూ చిన్నవి, చాలా బ్రాండ్లలో రెండూ పసుపే. పేరు తెగిన ముక్కలు ఒకే డబ్బాలో పడితే కళ్లద్దాలు పెట్టుకున్నా తేడా తెలియదు. మన దగ్గర 7.5, 10, 15 మిల్లీగ్రాముల మాత్రలు కూడా దొరుకుతాయి కాబట్టి, ఒక్క మాత్ర తారుమారైతే డోసు కొన్ని రెట్లు మారిపోతుంది. అందుకే ఇంగ్లండులో 2.5 మాత్రలే వాడమంటారు, లేబుల్ మీద వారంలో ఏ రోజున వేసుకోవాలో ఆ రోజు పేరు పూర్తిగా రాస్తారు. మూత్రంలో మంట అని ఎవరైనా సెప్ట్రాన్ లాంటి కో-ట్రైమాక్సజోల్ యాంటీబయాటిక్ ఇస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. రెండూ శరీరంలో ఫోలేట్ అనే విటమిన్ పనినే అడ్డుకుంటాయి. పేరు లేని ముక్క చూసి ఆ సంగతి ఏ డాక్టరు కనిపెట్టగలడు?

ఇంగ్లండులోని ఈ పద్ధతులు చూస్తే గౌరవం కలుగుతుంది. అయితే ఈ దేశం కూడా వీటిని దెబ్బ తినే నేర్చుకుంది. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్‌ను గర్భిణి వేసుకుంటే పుట్టే పిల్లల్లో నూటికి దాదాపు 11 మందికి అవయవ లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదల సమస్యలు రావచ్చు. అది తెలిసిన తర్వాత కూడా ఇక్కడి ఫార్మసీలు పెద్ద పెట్టెలు విప్పి, హెచ్చరికా కరపత్రమూ లేని తెల్ల పెట్టెల్లో మాత్రలు పోసి ఇచ్చిన సందర్భాలున్నాయి. వాల్‌ప్రోయేట్‌ను తయారీదారు పెట్టె విప్పకుండానే ఇవ్వాలన్న చట్టం 2023 అక్టోబరు 11న గానీ రాలేదు. అలాంటప్పుడు మా తిరుపతి అంగడాయన కత్తెర ఒక్కటే ఎందుకు కంటికి కనిపించాలి?

ఊరి నుంచి అమ్మానాన్నలను పిలిపించుకునేవాళ్లు చేయగలిగినవి ఉన్నాయి. ప్రయాణానికి కొనే మందులు మాత్రం పూర్తి అట్టలే అడగండి. కత్తిరించక తప్పకపోతే కత్తెర పడకముందే అట్ట రెండు వైపులా ఫోను ఫొటో తీయండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు, గడువు ఉన్నాయో లేదో చూసి దాన్ని మాత్రలతోనే ఉంచండి. చీటీలో 1-0-1 (పొద్దున ఒకటి, రాత్రి ఒకటి) అని ఉంటే పక్కనే అసలు మందు పేరు, మిల్లీగ్రాములు ఇంగ్లీషులో రాయించండి. బ్రాండు పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు.

అరికాళ్ల మంటలకు షుగరు వాళ్లకు ఇచ్చే ప్రీగాబాలిన్ ఇక్కడ 2019 ఏప్రిల్ నుంచి, నొప్పికిచ్చే ట్రమడాల్ 2014 జూన్ నుంచి నియంత్రిత మందులు, అంటే దుర్వినియోగం కాకుండా చట్టం కట్టడి చేసినవి. వాటికి డాక్టరు లేఖ వెంట ఉండాలి. అందులో పేరు, ప్రయాణ తేదీలు, మందు, డోసు, మొత్తం ఎన్ని మాత్రలో ఉండాలి. మూడు నెలలకు సరిపడా గానీ అంతకు మించి గానీ తెస్తే ముందుగా లైసెన్సు కావాలి. దిగాక మందులు దొరకలేదని ప్రీగాబాలిన్‌ను ఒక్కసారిగా ఆపేయకూడదు. చెమటలు, నిద్రలేమి, ఆందోళన మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. వచ్చిన మొదటి వారంలోనే ఇక్కడి జీపీ (స్థానిక కుటుంబ వైద్యుడు) దగ్గర పేరు నమోదు చేయించి, ఆ లేఖా అట్టలూ చూపించండి.