రాష్ట్రాల సంక్షేమాన్ని ఎలా కొలవాలి: నా ప్రాజెక్టు అనుభవం

పీజీ ప్రాజెక్టుకు నేను ఎంచుకున్న ప్రశ్న చూడడానికి చిన్నదే. వృద్ధాప్య పింఛను ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఎందుకుంది? జాతీయ పథకం కింద కేంద్రం ఇచ్చే వాటా ఎక్కడైనా ఒకటే: 60 నుంచి 79 ఏళ్ల పేదలకు నెలకు 200 రూపాయలు, 80 నిండితే 500. ఆపైన ఎంత కలపాలన్నది రాష్ట్రాల ఇష్టం. ఆంధ్రప్రదేశ్ 2024లో మొత్తం పింఛనును 4,000 చేసింది. తెలంగాణలో ఆసరా అనే పింఛను 2019లో 2,016 అయింది. బిహార్‌లో 2025 జూన్ దాకా 400 మాత్రమే.

ఈ అంకెలు పక్కపక్కన రాసుకుంటే పోలిక అయిపోదు. ఎంత ఇస్తున్నారన్నది ఒకటి, ఎంతమందికి అందుతోందన్నది ఇంకొకటి. అందుకే ఖర్చు మొత్తం కోసం బడ్జెట్ పుస్తకాలు తెరిచాను. అసలు కష్టం అక్కడే మొదలైంది. బడ్జెట్‌లో ఒక్కో రకం ఖర్చుకు ఒక్కో పద్దు సంఖ్య ఉంటుంది. 2071 పద్దులో ఉండేది రిటైరైన ప్రభుత్వ ఉద్యోగుల పింఛను, దానితో మనకు పనిలేదు. సామాజిక భద్రత ఖర్చు 2235లో ఉంటుంది. అక్కడ కూడా ఒకే పథకం డబ్బు ముక్కలై కనిపిస్తుంది: ఎస్సీల కోసం విడిగా చూపే ఉపప్రణాళిక వాటా 789 అనే ఉపపద్దు కింద, గిరిజన ఉపప్రణాళిక వాటా 796 కింద, మిగతాది వేరే చోట. ఈ ముక్కలన్నీ కలపకపోతే ఆ రాష్ట్రానికి అన్యాయం చేసినట్టే. పైగా బడ్జెట్ అంచనా వేరు, నిజంగా ఖర్చయింది వేరు. వాస్తవ లెక్కలు రెండేళ్ల తర్వాతి బడ్జెట్‌లో గానీ రావు. నేను వాటినే తీసుకున్నాను, పాతబడినా సరే.

ఆ మొత్తాన్ని జనాభాతో భాగిద్దామనుకుంటుండగా మా గైడ్ మేడమ్ ఆపారు. "ముందు హారం సరిచూసుకోమ్మా" అన్నారు. 2011 జనగణన ప్రకారం 60 ఏళ్లు పైబడినవారు కేరళలో 12.6 శాతం, బిహార్‌లో 7.4 శాతం. తలసరి ఖర్చు చూస్తే, బిహార్ ఎంత ఉదారంగా ఇచ్చినా, ముసలివాళ్లు తక్కువ కాబట్టి వెనకబడ్డట్టే కనిపిస్తుంది. కాబట్టి భాగించాల్సింది వృద్ధుల సంఖ్యతో. 2011 తర్వాతి ఏళ్లకు జనాభా అంచనాలే ఆధారం. అర్హత వయసు కూడా ఒకటి కాదు, తెలంగాణలో 57కి తగ్గించారు. చివరికి రెండు కొలతలు విడివిడిగా ఉంచాను: ఒక్కరికి నెలకు అందేది, వృద్ధుల్లో అందుకునేవారి శాతం. రెండిటినీ కలిపి ఒకే ర్యాంకు చేస్తే పేపర్ మీద అందంగా ఉంటుంది కానీ, తక్కువమందికి ఎక్కువ ఇచ్చే రాష్ట్రమూ, ఎక్కువమందికి తక్కువ ఇచ్చే రాష్ట్రమూ ఒకే చోట పడతాయి. అది నాకు నచ్చలేదు.

ఇక "ఎందుకు" అన్న దగ్గరికి వస్తే, రాష్ట్ర ఆదాయమే కారణమని చాలామంది సులువుగా అనేస్తారు. ఆదాయం కొంత చెబుతుంది, అంతా చెప్పదు. తలసరి ఆదాయంలో అట్టడుగున ఉన్న బిహార్ ఎన్నికల ఏడాది 2025లో 400ను ఒక్కసారిగా 1,100 చేసింది. ఆంధ్రలో 4,000 కూడా ఎన్నికల హామీయే, ఏప్రిల్ నుంచి బకాయిలు కలిపి 2024 జూలైలో 7,000 ఇచ్చారు. పింఛను ఓటు అడిగే మాటగా మారిన చోట మొత్తం పెరుగుతోంది. కేంద్రం ఇచ్చే 200 మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోయింది. ధరలు ఇంత పెరిగాక ఆ 200 విలువ ఎంత మిగిలిందో లెక్కగట్టే అధ్యాయం ఇప్పుడు రాస్తున్నాను.