కోడి కూసిన చోట

రాత్రి ఒంటిగంటన్నరకి, మోషేకి దేవుడు పది ఆజ్ఞలిచ్చాడని చెప్పే సీనాయి కొండ కింద నిలబడ్డాం. మొత్తం ముప్ఫై ఎనిమిది మందిమి. మా చర్చి పాస్టరు అయ్యగారు టార్చిలైటు పట్టుకుని ఒక్కొక్కరి ముఖం మీద వేసి లెక్కపెడుతున్నారు. కొండ ఎత్తు 2,285 మీటర్లు. చాలా దూరం ఒంటెల దారిన నడిచి, ఆఖర్న 750 మెట్లు ఎక్కాలి. ఇంకో దారి కూడా ఉందన్నాడు గైడు. పూర్వం ఒక సన్యాసి ప్రాయశ్చిత్తంగా పేర్చాడని చెప్పుకునే 3,750 రాతిమెట్ల దారి. దాని పేరే పశ్చాత్తాప మెట్లు. "అటు వద్దులెండి, తెల్లారిపోతుంది" అన్నారు వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు. నేను కాస్త ఆలస్యంగా నవ్వాను.

ఈ యాత్రకి నన్ను పంపింది అమ్మ. దాచుకున్న డబ్బు నా చేతిలో పెట్టి, "మీ నాన్నని ఆఖరి ఊపిరి దాకా కనిపెట్టుకుని ఉన్నావు. నాకంటే నువ్వు వెళ్తేనే నాకు తృప్తి" అంది. చిక్కంతా అక్కడే ఉంది. నాన్న పోయిన రాత్రి నేను ఆయన పక్కన లేను. ఆసుపత్రి బయట కారు సీటు వెనక్కి వాల్చుకుని ఫోన్‌లో మ్యాచ్ చూస్తున్నాను. నాలుగు రోజులుగా నిద్ర లేదు, ఒక్క గంటే కదా అనుకున్నాను. తిరిగి వెళ్ళేసరికి నర్సు దుప్పటి ముఖం మీదికి లాగుతోంది. అమ్మ వచ్చి అడిగితే, "నా చెయ్యి పట్టుకుని నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా" అన్నాను. భూస్థాపన కూడికలో ఆ మాట సాక్ష్యంగా చెప్పారు. తొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉన్నారు.

దేవుడు అన్నీ చూస్తాడని నమ్మే ఇంట్లో పెరిగినవాడికి అబద్ధమాడటం చేతకాదనుకుంటారు. ఎందుకు చేతకాదు? ఆడేసి, ఆ తర్వాత తలెత్తకుండా బతకడం కూడా చేతనవుతుంది. నేను ప్రార్థన మానలేదు. ఇతరుల కోసం చేసే ప్రార్థనల చిట్టా పొడుగు చేసుకున్నాను, నా వంతు వచ్చేలోపు నిద్ర ముంచుకొచ్చేలా. బైబిల్లో హెబ్రీ పత్రిక నాలుగో అధ్యాయంలో "ఆ దేవుని కన్నులకు సమస్తమును మరుగులేక తేటగా ఉన్నది" అని ఉంటుంది. చదవాల్సిన రోజు వస్తే గబగబా ఐదో అధ్యాయంలో పడేవాణ్ణి.

ముందు రోజు కైరో నుంచి వస్తుంటే బస్సులో అయ్యగారు హాగరు కథ చదివారు. యజమానురాలు శారయి పెట్టిన శ్రమకి తాళలేక, కడుపుతో ఉండి ఎడారిలోకి పారిపోయిన దాసి. షూరు మార్గంలో నీటి బుగ్గ దగ్గర దేవుని దూత ఆమెని పేరు పెట్టి పిలిచాడు. "చూచుచున్న దేవుడవు నీవే" అని దేవునికే పేరు పెట్టిందామె. కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర ఇసుకా రాయీ తప్ప ఏమీ లేదు. ఇలాంటి చోట ఎవరో ఒకరు చూస్తే చాలుననిపిస్తుంది, నిజమే. కానీ ఆవిడ తప్పు చేసి పారిపోలేదు కదా అనుకుని కళ్ళు మూసుకున్నాను.

కొండ దిగాక సెయింట్ కేథరిన్ మఠం. ఆరో శతాబ్దంలో జస్టినియన్ చక్రవర్తి కట్టించినది. లోపల అదే శతాబ్దపు క్రీస్తు చిత్రం ఉంది, కరిగించిన మైనంలో రంగులు కలిపి చెక్క మీద వేసింది. ఆ ముఖం రెండు సగాలూ ఒకలా ఉండవు. ఒక పక్క కన్ను ప్రశాంతంగా చూస్తుంది. రెండో పక్క కనుబొమ్మ పైకి లేచి, చూపు నిలదీస్తున్నట్టు ఉంటుంది. లోపల ఫొటోలు తీయకూడదు. నా చెయ్యి మాత్రం జేబులోకి వెళ్ళింది. కాపలా ఉన్న సన్యాసి చూస్తున్నాడా అని అటు తిరిగాను. అప్పుడు తట్టింది నేనేం చేస్తున్నానో. ఎదురుగా ఆ కళ్ళు పెట్టుకుని సన్యాసి కళ్ళు వెతుకుతున్నాను! ఫోన్ వదిలేశాను. నవ్వొచ్చింది, ఆ నవ్వు కాస్త భయంగా కూడా ఉంది.

ఇజ్రాయెల్‌లోకి దాటే టాబా సరిహద్దు, మృత సముద్రం, యెరికో. యేసుని చూడాలని జక్కయ్య ఎక్కాడని చూపించే మేడిచెట్టు కింద అందరూ ఫొటోలు దిగారు. ఎండ మండిపోతోంది.

యెరూషలేములో సీయోను కొండ వాలున ఒక చర్చి ఉంది. ఇప్పుడున్న కట్టడం 1931 నాటిది. కప్పు మీద శిలువ, దాని పైన బంగారు రంగు కోడిపుంజు. యేసుని పట్టుకున్న రాత్రి, కోడి కూసేలోపు, ఆయన శిష్యుడు పేతురు ఆయన్ని ఎరుగనని మూడుసార్లు అన్న చోటు ఇదేనని అక్కడివాళ్ళ నమ్మకం. ప్రధాన యాజకుడు కయప ఇల్లు ఇక్కడే ఉండేదంటారు. కింద రాతిలో తొలిచిన లోతైన గొయ్యి. యేసును ఆ రాత్రి అందులోనే ఉంచారని చెబుతారు. మేం అందులోకి దిగాక అయ్యగారు 88వ కీర్తన చదివారు. చాలా కీర్తనలు ఎక్కడ మొదలైనా స్తుతితో ముగుస్తాయి. ఇది అలా ముగియదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే దగ్గర ఆగిపోతుంది. ఆసుపత్రి గది గుర్తొచ్చింది. నాన్న మంచం పక్కన ఖాళీ కుర్చీ, దాని మీద నేను వదిలేసి వెళ్ళిన స్వెట్టరు.

పైకొచ్చాక ముంగిట్లో లూకా సువార్త చదివాం. కోడి కూసినప్పుడు "ప్రభువు తిరిగి పేతురువైపు చూచెను." ఈ చూపు సంగతి నాలుగు సువార్తల్లో లూకా ఒక్కడే రాశాడు. ఎలా చూశాడో మాత్రం రాయలేదు. చిన్నప్పటినుంచీ నేను దాన్ని కోపంగానే ఊహించుకున్నాను, మా సండే స్కూల్ టీచరు చూపులా. కానీ ఆ క్షణాన ఆయన బంధించబడి ఉన్నాడు, చుట్టూ ఆయన మనిషన్నవాడు ఒక్కడూ లేడు. ఎరుగనంటున్నవాడి వైపే తిరిగాడు. చర్చి పక్కన పాత రాతిమెట్లు కెద్రోను లోయ వైపు దిగుతాయి. వాటి మీద చాలాసేపు కూర్చున్నాను.

ఆ రాత్రి బేత్లెహేములో హోటల్ గదినుంచి అమ్మకి ఫోన్ చేశాను. మ్యాచ్ సంగతితో సహా చెప్పాను. చాలాసేపు చప్పుడు లేదు.

"అంటే ఆ గదిలో ఎవరూ లేరా?"

"లేరమ్మా."

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

తెల్లవారుజామున తనే చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది. "ఎవరూ లేరన్నావే, అదీ అబద్ధమేరా. చూసేవాడు లేడా అక్కడ? మీ నాన్నని ఆయన ఒంటరిగా వదిలేస్తాడా?" అంది. కాసేపు ఏడ్చింది. నన్ను క్షమించానని అనలేదు. "ఇంటికొచ్చాక మీ పిన్ని వాళ్ళందరికీ నీ నోటితో నువ్వే చెప్పు. నేను చెప్పను" అంది.

తొమ్మిదేళ్లూ ఆ కళ్ళు నా మీదే ఉన్నాయనుకున్నాను. నాన్న మీద కూడా ఉండి ఉంటాయని ఒక్కసారీ తోచలేదు.

కింద బస్సు హారన్ కొడుతోంది, ఆ రోజు గలిలయకి ప్రయాణం. ముఖం కడుక్కుని పరుగున మెట్లు దిగాను. అయ్యగారు బస్సు తలుపు దగ్గర లెక్కపెడుతున్నారు. ముప్ఫై ఏడు దగ్గర ఆగి, హోటల్ గుమ్మం వైపు చూస్తున్నారు.